ఒక ఛార్జింగ్‌కి ఎంత దూరమన్నది తర్వాత, ముందు మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందా?

ప్రశ్న: హనుమకొండలో అద్దెకు ఉంటున్నాను. రోజూ కాలేజీకి రానుపోను 40 కిలోమీటర్లు, నెలకు రెండుసార్లు హైదరాబాద్. ఎలక్ట్రిక్ కారు కొందామంటే దారిలో ఆగిపోతుందని, బ్యాటరీ పోతే సగం కారు ఖరీదు పెట్టాలని, మంటలు వస్తాయని అందరూ భయపెడుతున్నారు. వాడుతున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

నేను 2022 ఆగస్టులో కొన్నాను. ఇల్లు మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, ఆఫీసు గచ్చిబౌలి. 30 యూనిట్ల బ్యాటరీ, అంటే నిండితే 30 యూనిట్ల కరెంటు (30 kWh) పడుతుంది. ఇప్పటికి 52 వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్తలో ఎవరేమన్నా కారును వెనకేసుకొచ్చేవాణ్ని. ఇప్పుడు ఆ ఓపిక లేదు కాబట్టి నిజమే చెబుతాను. మిమ్మల్ని భయపెడుతున్న మూడింటిలో ఒక్కటీ నాకు జరగలేదు. జరిగినవి వేరే.

మొదటిది మా అత్తగారి ఊళ్లో. సూర్యాపేట దాటాక కొంచెం లోపలికి, మా ఇంటి నుంచి 160 కిలోమీటర్లు. కారు కొన్న నెలలోనే దర్జాగా బయల్దేరాం. స్పీడు 90 దాటనివ్వకుండా నడిపినా, రాత్రి 8 గంటలకు ఊరు చేరేసరికి 9 శాతం మిగిలింది. పర్లేదు, రాత్రంతా పెడితే నిండుతుంది అనుకుని వసారాలో ఏసీ కోసం పెట్టిన పెద్ద ప్లగ్గులో కేబుల్ గుచ్చాను. కేబుల్ మధ్యలో ఉన్న డబ్బా మీద ఎర్ర లైటు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. తీసి పెట్టినా అంతే, ఇంకో ప్లగ్గు మార్చినా అంతే. మావయ్యగారు పక్కనే నిలబడి, "ఫ్రిజ్జు నడుస్తోంది, ఏసీ నడుస్తోంది, మీ కారుకేం రోగం అల్లుడుగారూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పొద్దున్నే ఊళ్లో ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు విప్పితే తెలిసింది. ఎర్తింగ్ కోసం ఉండే మూడో రంధ్రం ఉంది కానీ దాని వెనక వైరే లేదు. మీటరు దగ్గర పాతికేళ్ల కిందట తీసిన ఎర్తింగ్ గుంత ఎండిపోయి పెంకులా ఉంది. ఫ్రిజ్జు ఎర్తింగ్ లేకపోయినా నడుస్తుంది, ఈ కారు కేబుల్ మాత్రం ఎర్తింగ్ లేనిదే చుక్క కరెంటు లోపలికి పోనివ్వదు. లీకైన కరెంటు మన ఒంట్లోంచి కాకుండా ఆ వైరు గుండా భూమిలోకి పోవాలని, మన ప్రాణం కాపాడటానికే లెండి. అతను వైరు లాగి, గుంతలో బొగ్గు, రాళ్ల ఉప్పు వేసి, రెండు బకెట్ల నీళ్లు పోశాడు. పచ్చ లైటు వచ్చింది. వేసవిలో గుంత మళ్లీ ఎండుతుంది. అందుకే మేం హైదరాబాద్‌లో బయల్దేరి ఫోన్ చెయ్యగానే అత్తయ్యగారు ముందు గుంతకు నీళ్లు పోస్తారు, కోడి సంగతి ఆ తర్వాతే.

రెండోది మా అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో నా పార్కింగ్ దగ్గర ఛార్జింగ్ పాయింటు పెట్టుకుంటానని అసోసియేషన్‌కు అర్జీ ఇచ్చాను. సరిగ్గా అప్పుడే, 2022 సెప్టెంబరు 12న, సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, ఆ పొగకు పైన లాడ్జిలో ఉన్నవాళ్లతో కలిపి 8 మంది చనిపోయారు. ఆ తర్వాత మీటింగులో నా అర్జీకి ఎవరు చెయ్యి ఎత్తుతారు? వాళ్లను తప్పుపట్టను. పిల్లలున్న ఇల్లు ఎవరికైనా భయమే. పర్మిషన్ రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ ఆఫీసులో ఒక పూట, మాల్‌లో ఒక పూట, ఛార్జర్ ఎక్కడ ఖాళీ ఉందా అని యాప్ చూసుకుంటూ తిరిగాను. కారు అమ్మేద్దామని గట్టిగా అనుకున్నది ఆ రోజుల్లోనే.

మంటల మాటకొస్తే, నా అనుభవంలో భయపడాల్సింది వైరింగ్‌కి. గీజర్ అరగంట వేస్తాం, ఆపేస్తాం. ఈ కారు మామూలు పాయింటు నుంచి 15 ఆంపియర్లు ఎనిమిది తొమ్మిది గంటలు ఏకధాటిగా లాగుతుంది. మొదట పెట్టించిన చవక ప్లగ్గు మూడు వారాలకే గోధుమ రంగుకు తిరిగి, మూత మెత్తబడింది. తర్వాత మా మీటరు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఇండస్ట్రియల్ సాకెట్, సొంతంగా ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది) పెట్టించాను. మొత్తం 14 వేలు. కరెంటాఫీసులో లోడ్ (మన కనెక్షన్‌కు ఒకేసారి ఎన్ని కిలోవాట్లు వాడొచ్చన్నది) పెంచమని కూడా రాయాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

పాయింటు వచ్చాక జీవితం మారిపోయింది. రాత్రి పెడతాను, పొద్దున తీస్తాను. బంకు మొహం చూసి ఎన్నాళ్లయిందో. నెలకు 1,300 కిలోమీటర్లు తిరిగితే మీటరు మీద దాదాపు 200 యూనిట్లు. వీటివల్ల పై స్లాబ్‌లోకి పోతాం కాబట్టి యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా 1,800. నా పాత పెట్రోల్ కారు సిటీలో 14 ఇచ్చేది, లీటరు 107 లెక్కన అదే తిరుగుడుకు దాదాపు 10 వేలు. అయితే హైవే ఛార్జర్ల దగ్గర జీఎస్టీతో కలిపి యూనిట్‌కు 20 నుంచి 25 పడుతుంది. హైవే మీద యూనిట్‌కు 6 కిలోమీటర్లే వస్తుంది గనక కిలోమీటరుకు నాలుగు రూపాయలు, అంటే డీజిల్ కారుకు అటూ ఇటూ. ఇంట్లో పాయింటు లేనివాళ్లకు ఈ లెక్క అంత గొప్పగా ఉండదు.

దారిలో ఆగిపోవడం అనేది మామూలు రోజుల్లో ఉత్త టెన్షనే. పండగ రోజుల్లో మాత్రం కాదు. సంక్రాంతికి విజయవాడ వెళ్తూ ఒక హోటల్ ఆవరణలో ఛార్జింగ్‌కి ఆగాను. కారుకు గుచ్చే గన్నులు రెండు, ఒకటి పనిచెయ్యదు. నా ముందు మూడు కార్లు. ఛార్జింగ్‌లో ఉన్న కారు 92 శాతం చూపిస్తోంది, ఓనరు భోజనానికి వెళ్లాడు. 80 దాటాక ఎంత పెద్ద ఛార్జరైనా నత్తనడకే. ఆయన వంద నిండే దాకా పెరుగన్నం తింటూ కూర్చున్నాడు. నేను అక్కణ్నుంచి కదిలేసరికి మూడున్నర గంటలు. ఆ తర్వాత పండక్కి బావమరిది డీజిల్ కారు, లేదా రైలు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ఒకరోజు పొద్దున కారు తలుపే తెరుచుకోలేదు. రాత్రే 90 శాతం నింపాను. తీరా చూస్తే చచ్చింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ, పెట్రోల్ కార్లో ఉండేలాంటిదే. లాకులు, కంప్యూటర్, స్టార్టింగ్ అన్నీ దాని మీదే. పొట్ట నిండా కరెంటు పెట్టుకుని కదలని కారుకు పక్క ఫ్లాటాయన పాత పెట్రోల్ కారుతో జంప్ ఇచ్చి లేపాం. ఆయన ఇప్పటికీ లిఫ్టులో గుర్తుచేస్తాడు.

పెద్ద బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. నాది ఇప్పటికి ఆరేడు శాతం తగ్గినట్టు ఉంది. అసలు దెబ్బ రీసేల్. 16 లక్షల కారుకు మూడేళ్లకు ఒక షోరూమ్‌లో 6.5 లక్షలు అన్నారు. ఆరేడేళ్లు ఉంచుకునే ఉద్దేశం లేకపోతే కొనకండి. సెల్లార్‌లో వాన నీళ్లు నిలిచే ఇల్లయితే ఇంకోసారి ఆలోచించండి. బ్యాటరీలోకి నీళ్లు దూరవని ఐపీ67 రేటింగ్ చూపిస్తారు, అది మీటరు లోతు నీళ్లలో అరగంట పరీక్షకే, రాత్రంతా మునిగి ఉండటానికి కాదు. కరెంటు బొగ్గుతోనే కదా వచ్చేది, పొల్యూషన్ ఎక్కడ తగ్గింది అనేవాళ్లతో నేను వాదించను, నేను కొన్నది పెట్రోల్ బిల్లు కోసం.

ఇక మీ సంగతి. రోజుకు 40 అంటే ఏ ఎలక్ట్రిక్ కారుకైనా నవ్వులాట. హైదరాబాద్ 145 కిలోమీటర్లు. 45 యూనిట్ల బ్యాటరీ తీసుకుని, అక్కడ రాత్రి ఉండేచోట ప్లగ్గు దొరికితే ఇబ్బంది లేదు. అదేరోజు తిరిగి రావాలంటే ఒక గంట ఛార్జింగ్‌కి కేటాయించుకోండి. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది, ధర పోల్చేటప్పుడు అది కలుపుకోండి. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, ఎలక్ట్రిక్ వాటికి ముందు నుంచీ 5 శాతమే. అంటే నేను కొన్నప్పటికన్నా మీకు పెట్రోల్ కారుతో ధర తేడా కాస్త మారింది.

మీది అద్దె ఇల్లు, చిక్కంతా అక్కడే. మీటరు మీ పోర్షన్‌కు విడిగా ఉందా, ఇంటికంతా ఒకటేనా? ఒకటే అయితే మీ కారుకు నెలకు పట్టే దాదాపు 170 యూనిట్లు కలిసి స్లాబ్ మారి, ప్రతి నెలా ఓనరుతో పంచాయితీ. ఇల్లు మారితే పాయింటు ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది. కాలేజీ పార్కింగ్‌లో పాయింటు ఇస్తారేమో అడిగి చూడండి. షోరూమ్‌కు వెళ్లే ముందు ఎలక్ట్రీషియన్‌ను ఒక్కసారి ఇంటికి పిలిచి, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూడమనండి. మసగ్గా వెలిగితే గుంత ఎక్కడుందో ఓనరును అడిగి, రెండు బకెట్లు పోసి మళ్లీ చూడమనండి.