కారు షోరూంలో ‘ఈరోజే బుక్ చేయండి’ అని తొందరపెడితే ఏం చేయాలి?

ఒడిశాలోని బరంపురం షోరూంలో ‘ఈ ధర సాయంత్రం వరకే’ అంటున్నారని, బీమా కూడా తమ దగ్గరే తీసుకోవాలని పట్టుబడుతున్నారని అడిగారు. అడ్వాన్సు ఇవ్వకుండా, ఎక్స్‌షోరూం ధర (రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్, బీమా కలపని ధర), రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్, బీమా, యాక్సెసరీలు విడివిడిగా రాసిన కొటేషన్ తీసుకుని ఇంటికి వచ్చేయండి. నిజంగా ఇవ్వదలచిన తగ్గింపును రాసివ్వడానికి ఏ డీలరుకూ అభ్యంతరం ఉండనక్కరలేదు.

ఎక్కువగా నష్టపోయేది బీమా దగ్గరే. కొత్త కారుకు 3 ఏళ్ల థర్డ్ పార్టీ బీమా (మీ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరే అయినా, దాన్ని మీకు నచ్చిన కంపెనీలో కొనవచ్చు. సొంత కారు నష్టానికి ఏడాది పాలసీ తీసుకుంటే చాలు. కొటేషన్‌లో ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ (గోదాము నుంచి కారు తెచ్చినందుకంటూ డీలరు వేసే అదనపు రుసుము) అన్న వరుస కనిపిస్తే తీసేయమని గట్టిగా అడగండి.

శ్రీకాకుళంలోనో విశాఖలోనో ధర తక్కువని తెలిస్తే, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో తెచ్చుకుని పన్ను ఒడిశాలోనే కట్టవలసి ఉంటుంది కనుక, ఆ లెక్క కలిపి పోల్చండి.