బరువు తగ్గిస్తే పికప్ పెరుగుతుందా, పట్టు పోతుందా?

మీరు అడిగింది ఇది: గుంటూరులో ఐ20 ఎన్ లైన్ నడుపుతున్నారు. స్టెప్నీ, వెనక సీటు తీసేస్తే పికప్ పెరుగుతుందని మీ నమ్మకం. బరువు తగ్గితే రోడ్డు మీద పట్టు పోతుందని, బరువైన బండే గట్టిగా పట్టుకుని లాగుతుందని మీ బావగారి వాదన.

ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, కాకపోతే వేర్వేరు గేర్లలో. మొదటి గేరులో బండి ఎంత వేగంగా దూకగలదో టైరు పట్టు తేలుస్తుంది. రెండో గేరు పడ్డాక ఆ పని బరువు చేస్తుంది. మీ బావగారు మొదటి గేరు గురించి, మీరు తర్వాతి గేర్ల గురించి మాట్లాడుతున్నారు, అందుకే వాదన తెగడం లేదు.

ముందు బావగారి సంగతి. నల్లరేగడి దారుల్లో అంబాసిడర్ దిగబడితే ఇద్దరిని డిక్కీ మీద కూర్చోబెట్టి బయటికి తీసిన రోజులు మా పెద్దవాళ్లందరికీ గుర్తే. ఆ కిటుకు పనిచేసేది, ఎందుకంటే అంబాసిడర్‌ను లాగేవి వెనక చక్రాలు. ఆ ఇద్దరి బరువూ సరిగ్గా లాగే చక్రాల మీదే పడేది. అది చూసి 'బరువుంటే పట్టు' అని సూత్రం కట్టేస్తే చిక్కొస్తుంది. బండి బరువు రెట్టింపయితే టైరు పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ ఆ బండిని అంతే వేగంగా కదిలించడానికి రెట్టింపు తోపు కూడా కావాలి. లాభం, ఖర్చు కొట్టుకుపోతాయి. నిజానికి కొంత నష్టమే మిగులుతుంది, ఎందుకంటే మోపిన బరువు పెరిగినంత నిష్పత్తిలో టైరు పట్టు పెరగదు.

అసలు చూడాల్సింది ఆ బరువు ఏ చక్రాల మీద ఉందన్నది. మాటలతో తేలదనిపించి, విజయవాడ ఆటోనగర్‌లో లారీలు తూచే కాటా మీదికి నా బలేనో ఆర్‌ఎస్‌ను ఎక్కించాను (2017లో వచ్చిన 102 పీఎస్, అంటే మెట్రిక్ హార్స్‌పవర్, ఉన్న టర్బో పెట్రోల్ బండి, ఖాళీ బరువు 950 కిలోలు). వెనకా ముందూ ఇసుక లారీలు, మధ్యలో నా చిన్న కారు. కాటా దగ్గరి కుర్రవాడు నవ్వాపుకోలేకపోయాడు గానీ చీటీ ఇచ్చాడు. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించినప్పుడు 630, బండి మొత్తం ఎక్కించాక 1,030, నాతో కలిపి. అంటే 61 శాతం బరువు ముందే. తర్వాత డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు వేసి మళ్లీ తూచాను. మొత్తం 1,130 అయింది. ముందు చక్రాల మీద మాత్రం 620 చూపించింది! వంద కిలోలు ఎక్కిస్తే ముందు పది తగ్గింది. పది కిలోల మెట్లతో చూపించే కాటా కాబట్టి అటూఇటూ ఉండొచ్చు, కానీ తగ్గడం మాత్రం ఖాయం. డిక్కీ వెనక చక్రాల ఇరుసు కన్నా వెనక్కి ఉంటుంది. ఎడ్లబండికి వెనక ఎక్కువ బస్తాలు వేస్తే కాడి పైకి లేచినట్టే ఇదీ. మన రెండు బండ్లకూ లాగేవి ముందు చక్రాలు కాబట్టి, డిక్కీ బరువు వాటి పట్టుకు పనికిరాకపోగా ఎదురు తిరుగుతుంది.

బండి దూకే క్షణంలో పరిస్థితి ఇంకాస్త మారుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ముక్కు లేచి తోక కుంగడం చూసే ఉంటారు. గురుత్వ త్వరణంలో (కింద పడే వస్తువు వేగం పుంజుకునే రేటులో) 40 శాతం త్వరణంతో బండి కదిలితే, బరువు కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, నా బండిలో దాదాపు 90 కిలోలు ముందు చక్రాల మీద నుంచి వెనక్కి జరుగుతాయి. కాటా మీద 630 ఉన్నది 540కి దిగుతుంది. పొడి తారు రోడ్డు మీద టైరు ఘర్షణ గుణకం (మోపిన బరువులో ఎంత వంతు పట్టుగా మారుతుందో చెప్పే అంకె) 0.9 అనుకుని లెక్క వేస్తే, చక్రం తిరిగిపోకుండా నా బండి అందుకోగల గరిష్ఠ త్వరణం గురుత్వంలో 46 శాతం. బియ్యం బస్తాలతో 41 శాతం. అదే కొలతల బండికి లాగేవి వెనక చక్రాలై, వాటి మీద 60 శాతం బరువుంటే 67 శాతం దాకా వెళ్తుంది, ఎందుకంటే వెనక్కి జరిగే బరువు దానికి కలిసొస్తుంది. పోర్షే 911లో 1963 నుంచీ ఇంజిన్ వెనకే ఉండటానికి కారణాలు వేరేవీ ఉన్నా, నిలబడ్డ చోటు నుంచి దూకడంలో దానికి దక్కే లాభం ఇదే.

నాలుగు చక్రాలూ లాగితే బరువు ఎటు జరిగినా వృథా కాదు. బీవైడీ సీల్ అనే ఎలక్ట్రిక్ కారులో పెర్ఫార్మెన్స్ మోడల్ 2,185 కిలోలు తూగుతుంది, నా బండికి రెండింతల పైమాటే. అయినా 3.8 సెకన్లలో వంద అందుకుంటుంది. దానికి 530 పీఎస్ ఉంది, ఆ శక్తిని నేలకు దించడానికి నాలుగు టైర్లూ ఉన్నాయి. దీన్ని చూపించి 'చూశారా, బరువున్నా పర్వాలేదు' అనేవాళ్లకు నా జవాబు ఒకటే: ఆ బండి వంపుల్లో, బ్రేకుల దగ్గర, టైర్ల అరుగుదలలో ఆ బరువుకు మూల్యం కడుతూనే ఉంటుంది. ఫార్ములా వన్ వాళ్లు రెక్కలు బిగించి గాలి చేతనే టైర్లను నేలకు అదిమిస్తారు. పట్టు పెరుగుతుంది, మోయాల్సిన బరువు పెరగదు.

ఇక మీ వైపు. రెండో గేరు నుంచి మన బండ్లకు చక్రాలు తిప్పేసేంత శక్తి మిగలదు. అక్కడి నుంచి ప్రతి కిలో లెక్కలోకి వస్తుంది. కాజ టోల్‌గేట్ దాటి మంగళగిరి వైపు వేగం అందుకునేటప్పుడు నాకిది బాగా తెలుస్తుంది. ఒక్కడినే ఉన్నప్పుడు లారీని చులాగ్గా దాటేసే బండి, నలుగురు ఎక్కితే మూడో గేరులో నీరసంగా మూలుగుతుంది. ఆశ్చర్యమేమీ లేదు, ముగ్గురు అదనంగా ఎక్కితే పాతిక శాతం దాకా బరువు పెరుగుతుంది, వేగం అందుకునే సమయమూ దాదాపు అంతే పెరుగుతుంది. గరిష్ఠ వేగం మీద మాత్రం బరువు ప్రభావం స్వల్పం, అక్కడ గాలి అడ్డు తగులుతుంది.

మీరు తీసేయాలనుకున్న స్టెప్నీ, సీటు కలిపి యాభై కిలోలు తూగితే గొప్ప. వందకు పది సెకన్లు తీసుకునే బండిలో దానితో అర సెకను కూడా తగ్గదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకు వాలే బండికి వెనక భాగం అసలే తేలికవుతుంది, దాన్ని మరింత తేలిక చేయడం నాకు నచ్చదు. మే నెలలో హైవే మీద పంక్చరైతే స్టెప్నీ విలువ అప్పుడు తెలుస్తుంది. పైగా ఆర్‌సీలో రాసిన సీట్ల సంఖ్యకు తేడా వచ్చేలా మార్పు చేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు.

బరువు తగ్గించాలనే ఉంటే చక్రాల దగ్గర తగ్గించండి. రిమ్ము అంచున ఉన్న కిలో ముందుకు కదలడమే కాక తిరగాలి కూడా, కాబట్టి వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండు కిలోలతో సమానం. అందంగా ఉన్నాయని బరువైన పెద్ద అల్లాయ్‌లు వేయించుకుని, మరోవైపు స్టెప్నీ తీసేసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. మొదటి గేరులో చక్రాలు తిరిగిపోవడమే మీ బాధ అయితే మంచి టైర్లకు డబ్బు పెట్టండి. గాలి ఉదయం, బండి కదలకముందే కొలిపించండి. ఎండలో నడిచి వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరిగి ఉంటుంది కాబట్టి అప్పుడు కొలిచి తగ్గిస్తే మర్నాటికి గాలి తక్కువై కూర్చుంటుంది. మీ బండికి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసే ఉంటుంది.