రన్నింగ్ షూ డిజైనర్‌గా పని చేయడం ఎలా ఉంటుంది?

బొమ్మలు బాగా వేయగలిగి, పరుగంటే ఇష్టం ఉన్నవారికి ఈ ఉద్యోగం సరిపోతుందా అని మీరు అడిగారు. పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. తప్పకుండా సరిపోతుంది, అయితే బొమ్మ వేయడం ఇందులో చిన్న భాగం మాత్రమే. నమూనా జతలను కొలవడం, కోసి చూడడం, తొడిగినవారి మాట వినడం, వీటిలోనే నా సమయం ఎక్కువగా గడుస్తుంది.

షూ ఆకారానికి మూలం లాస్ట్ అని పిలిచే పాదం అచ్చు. వేళ్ల దగ్గర ఎంత చోటుండాలి, మడమ దగ్గర ఎంత బిగువుండాలి అన్నది దానిమీదే తేలిపోతుంది. పాదానికీ అడుగు సోల్‌కూ మధ్య ఉండే మెత్తటి పొరను మిడ్‌సోల్ అంటారు; దానికి లోహపు అచ్చు చేయించడం ఖరీదైన పని కాబట్టి ముందు ఒక్క సైజుకే చేయించి, అది కుదిరాక మిగతావి చేయిస్తారు. పైగా ఇంజెక్షన్ పద్ధతిలో పోసే ఈవీఏ అనే తేలికపాటి ప్లాస్టిక్ ఫోమ్, అచ్చు తెరవగానే ఉబ్బుతుంది కనుక, ఆ ఉబ్బును ముందే లెక్కగట్టి అచ్చును చిన్నదిగా తయారుచేయాలి. రోడ్డు పోటీల షూ అయితే అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధన ప్రకారం సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు. ఒక్కో షూకు 100 గ్రాముల బరువు పెరిగితే పరుగుకు ఖర్చయ్యే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుంది కాబట్టి, అందం కోసం అతికించే ప్రతి ముక్కకూ సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

నేను చేసిన రెండో షూలో పక్క నుంచి ముందుకు వంపు తిరిగి వచ్చే ఒక పట్టీ నాకు ఎంతో నచ్చింది. మూడు వందల కిలోమీటర్లు పరుగెత్తి చూసిన ఒకామె ఆ జతతో పాటు తన సాక్సులను కూడా తెచ్చి బల్లమీద పెట్టారు. కుడి సాక్సుకు బొటనవేలి కీలు దగ్గర చిన్న చిల్లు పడి ఉంది. షూను చేత్తో వంచి చూస్తే, పట్టీ అంచు ఆగినచోటనే పైగుడ్డ గట్టిగా మడతపడి, సరిగ్గా ఆ కీలును ఒరుసుకుంటోంది. పట్టీని నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి, అంచును పలుచన చేశాక ఆ మడత మెత్తబడింది. కాగితం మీద షూ వంగదు గనుక నా బొమ్మలో ఆ తప్పు కనిపించే అవకాశమే లేదు; ఇప్పటికీ ఏ నమూనా వచ్చినా నేను మొదట చేసే పని దాన్ని వంచి చూడడమే.

అందుచేత దరఖాస్తుతో పంపే పనుల్లో రంగుల బొమ్మలు మాత్రమే పెట్టకండి. బాగా అరిగిన ఒక జతను నిలువునా కోసి, ఏ పొర ఎక్కడ అణిగిందో, ఎక్కడ ఊడిందో, మీరైతే ఏం మార్చేవారో రాసిన పేజీని అన్నింటికంటే ముందు ఉంచండి. నేను ఎదుటివారి పని చూసేటప్పుడు మొదట వెతికేది ఆ పేజీనే.