నియమం, నిబంధన, పద్ధతి, ఆచారం, మర్యాద: ఏ మాట ఎక్కడ వాడాలి?

మీ అపార్ట్‌మెంటు సంఘం కోసం తెలుగులో ఒక పత్రం రాస్తున్నానని, నియమం, నిబంధన, పద్ధతి, ఆచారం, మర్యాద అన్న మాటల మధ్య నిజంగా తేడా ఉందా, లేక ఏది వాడినా ఒకటేనా అని మీరు అడిగారు. తేడా ఉంది. ఒక ప్రభుత్వ కార్యాలయంలో చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేసి, ప్రజల కోసం గోడమీద అంటించే ప్రకటనలు తెలుగులో రాసిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

ఒకసారి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి ఏయే కాగితాలు జతచేయాలో తెలిపే ప్రకటన రాసే పని నాకు అప్పగించారు. పైన "నిబంధనలు" అని శీర్షిక పెట్టి, కింద అన్నీ వరుసగా రాశాను. వాటిలో సగం ఉత్తర్వులో ఉన్నవి. మిగిలిన సగం, అంతకుముందున్న అధికారి కాలం నుంచి అడుగుతూ వస్తున్నవి. ఇద్దరు ఇరుగుపొరుగువారి సంతకాలతో నోటరీ చేయించిన అఫిడవిట్ ఈ రెండో రకానికి చెందినది. భర్త పోయిన ఒక పెద్దావిడ ఆ అఫిడవిట్ లేదని మూడుసార్లు వెనక్కి వెళ్లారు. నాలుగోసారి వచ్చినప్పుడు, "ఆ రూలు ఏ కాగితంలో ఉందో చూపించు నాయనా, మా అబ్బాయి చేత చదివించుకుంటాను" అని అడిగారు. దస్త్రమంతా తిరగేశాను. ఎక్కడా లేదు. ఆనవాయితీని నిబంధన అని రాసింది నేనే కాబట్టి, ఆమె తిరిగిన ఆ మూడు రోజులకూ కారణం నా శీర్షికే. ఈ మాటలను వేరు చేసి చూడటం నాకు ఆనాటి నుంచి అలవాటైంది.

నిబంధన అన్న మాటలో "బంధం" ఉంది. కట్టిపడేసేది నిబంధన. కట్టే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి, అది రాతలో ఉండాలి, దానికి తేదీ ఉండాలి. చట్టానికీ నిబంధనకూ ఉన్న సంబంధం సమాచార హక్కులో స్పష్టంగా కనిపిస్తుంది. అడిగిన సమాచారం 30 రోజుల్లోగా ఇవ్వాలన్నది 2005 నాటి చట్టంలోనే ఉంది. దరఖాస్తు రుసుము ఎంతో మాత్రం చట్టం చెప్పదు, దాన్ని నిబంధనలకు వదిలిపెట్టింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు అది 10 రూపాయలని ఆ నిబంధనలే చెబుతాయి. చట్టం మార్చాలంటే చట్టసభ కూర్చోవాలి, నిబంధన మార్చడానికి ప్రభుత్వం చాలు.

నియమం కొంచెం వేరు. అణచి ఉంచుకోవడం, అదుపులో పెట్టుకోవడం అన్న అర్థం దాని మూలంలోనే ఉంది. యోగశాస్త్రంలో శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం అన్న ఐదింటినీ నియమాలన్నారు. అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులూ పాటించేవి కూడా నియమాలే, వాటిని ఎవరూ నిబంధనలు అనరు. ఎవరికి వారు ఒప్పుకుని పాటించేది నియమమన్న ఈ ఛాయ "ఎన్నికల ప్రవర్తనా నియమావళి" అన్న పేరులోనూ ఉంది. 1960లో కేరళ శాసనసభ ఎన్నికల సమయంలో మొదలైన ఆ నియమావళి దానికదిగా చట్టం కాదు, పార్టీల సమ్మతి మీద నిలబడింది. అయితే ప్రభుత్వ రాతల్లో నియమాన్నీ నిబంధననూ కలిపి వాడే అలవాటు బాగా పాతుకుపోయింది కనుక, అక్కడ ఈ తేడాను మరీ పట్టుకుని కూర్చోనవసరం లేదు.

పద్ధతి అంటే పాదాలు పడి పడి ఏర్పడిన దారి. ఒక పని ఏ వరుసలో జరగాలో చెప్పేటప్పుడు, అది పై నుంచి నిర్ణయించినదైతే విధానం అంటాం, చేస్తూ చేస్తూ కుదిరినదైతే పద్ధతి అంటాం. కానీ "ఇదేం పద్ధతి?" అని పెద్దవాళ్లు మందలించినప్పుడు, "పద్ధతి గల మనిషి" అని మెచ్చుకున్నప్పుడు, ఆ మాట పనిని వదిలి నడవడిక వైపు తిరుగుతుంది.

ఆచారం తరతరాలుగా ఆచరణలో ఉన్నది. ఒక ఇంటికో ఊరికో పరిమితమైతే ఆనవాయితీ అంటాం, తెలంగాణలో రివాజు అన్న మాట కూడా వినిపిస్తుంది. కట్టుబాటు వీటన్నింటికన్నా గట్టిది, ఎందుకంటే దాన్ని దాటినవారిని సంఘం దూరం పెడుతుంది. అరబ్బీ నుంచి వచ్చిన మామూలు అన్న మాట కూడా మొదట వాడుకగా జరిగేదనే అర్థంలోనే వచ్చింది. అదే మాట లంచానికి పేరు కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. రాతలో లేని వాడుకను తప్పనిసరి అన్నట్టు అడగడం అలవాటైనచోట అది డబ్బు దాకా వెళ్లడానికి ఎంతో కాలం పట్టదని ఉద్యోగంలో ఉండగా కళ్లారా చూశాను.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన మాట మర్యాద. సంస్కృతంలో దానికి హద్దు, గట్టు అని అర్థం. సముద్రం తన మర్యాద దాటదంటే చెలియలికట్ట దాటదని. ఎదుటివారి విషయంలో మనం దాటకూడని గీత అన్న భావం నుంచే గౌరవం అన్న అర్థం వచ్చిందని నేననుకుంటాను. పెళ్లిలో వియ్యాలవారికి చేసేవీ, గుడిలో పూర్ణకుంభంతో ఇచ్చేవీ మర్యాదలే. "మర్యాదగా చెబుతున్నాను" అని హెచ్చరించినప్పుడు మాత్రం పాత అర్థమైన హద్దు మళ్లీ పైకి వస్తుంది. మర్యాదను ఉత్తర్వుతో రప్పించలేం, అందుకే దాన్ని నిబంధనల పట్టికలో చేర్చకూడదు.

ఇక మీ పత్రం సంగతి. సర్వసభ్య సమావేశంలో తీర్మానం అయినవాటిని మాత్రమే "నిబంధనలు" అన్న శీర్షిక కింద రాసి, ప్రతిదాని పక్కన తీర్మానం తేదీ వేయండి. నెలసరి రుసుము, వాహనాలు నిలిపే చోటు అక్కడికి వస్తాయి. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది అన్నవి "విధానం" కిందికి వస్తాయి. సంక్రాంతికి కింద అందరూ కలిసి ముగ్గులు వేయడం మీ ఆనవాయితీ అయితే అలాగే చెప్పండి, రానివారిని తప్పుపట్టే మాట అందులో రానివ్వకండి. రాత్రి పొద్దుపోయాక టీవీ శబ్దం తగ్గించమనేది ఇంకా తీర్మానం కాలేదంటున్నారు కాబట్టి, దాన్ని "మనవి" అని విడిగా రాయండి. ఆ పెద్దావిడ వెళ్లాక నేను తిరగరాసిన ప్రకటనలో కూడా ఉత్తర్వు సంఖ్య వేసిన కాగితాలు ఒకవైపు, "ఉంటే తీసుకురాగలరు" అన్నవి ఇంకోవైపు ఉండేవి.