చాలినన్నా, చాలానా?

సందేహం: "కేసు పెట్టడానికి చాలినన్ని ఆధారాలు ఉన్నాయి" అని నోట్‌లో రాశాను. మా పై అధికారి 'చాలినన్ని' కొట్టేసి 'చాలా' అని దిద్దారు. రెండూ ఒకటేగా అన్నారు. ఒకటేనా? 'తగినన్ని', 'సరిపడా' వాడొచ్చా?

సమాధానం: ఒకటి కావు. ఒక్క ఆధారమే చాలవచ్చు. చాలా ఆధారాలు ఉండి కూడా చాలకపోవచ్చు. అయితే ఆయన్ని మరీ తప్పు పట్టలేను. ఎందుకంటే 'చాల' పుట్టింది 'చాలు' నుంచే. అవసరం తీరేంత అన్న మాట మెల్లగా మెండుగా అనే అర్థానికి జారింది. ఇది నిన్నమొన్నటి సంగతి కాదు, పాత కావ్యాల్లోనే 'చాల' అంటే మిక్కిలి. తమిళంలో 'సాల' అన్నా మెండుగా అనే. కన్నడంలో 'సాలదు' అంటే మాత్రం మన చాలదే. ఈ చాలుకే శక్తి అన్న అర్థమూ ఉంది: 'చెప్పజాలను' అంటే చెప్పడానికి నేను చాలనని. 'మాటలు చాలించు' అన్నదీ దీని సంతానమే.

ఇక్కడ పోతన గుర్తురాక మానడు. మూడడుగులే చాలన్న వామనుడి నోట "ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం" తృప్తి పడాలని అనిపించాడు. 'చాలు' అనదగ్గ చోట 'పదివేలు'! దొరికింది లేశం, లెక్క పదివేలు. ఆలస్యంగా వచ్చిన చుట్టాన్ని "వచ్చావు, అదే పదివేలు" అంటామే, అదే పలుకుబడి. చాలన్నవాడికే చివరికి లోకాలు చాలలేదు, అది వేరే కథ.

'సరిపడా' బాగానే ఉంటుంది. కాకపోతే సరిపడడంలో పొసగడం కూడా ఉంది: మందు ఒంటికి సరిపడదు, అత్తాకోడళ్లకు సరిపడదు. 'తగిన' వేరు, 'తగినంత' వేరు; మొదటిది యోగ్యత, రెండోది కొలత. ఈ తేడా తెలియకే 'తగినంత చర్యలు తీసుకుంటాం' అంటున్నారు. చర్యల్ని ఏ సోలతో కొలుస్తారో! 'తగినంత సమయాన్ని కలిగి లేను' అనేవాళ్లూ తయారయ్యారు. 'టైం చాలలేదు' అంటే నోరు నొప్పి పుడుతుందా?

మీ నోట్‌లో 'చాలినన్ని' ఉంచమనే నా సలహా. అధికారి మళ్లీ కొట్టేస్తే 'తగినన్ని' అని రాసి చూడండి, బహుశా ఊరుకుంటారు.