కామానికి బానిసా, కామవ్యసనమా?

సందేహం: ఫిల్మ్ క్లబ్‌లో చూసిన రెండు సినిమాల మీద వ్యాసం రాస్తున్నాను. ఒకటి జపాన్ దర్శకుడు నగిసా ఒషిమా 1976లో తీసిన 'ఇన్ ద రెల్మ్ ఆఫ్ ద సెన్సెస్', రెండోది స్టీవ్ మెక్వీన్ 2011లో తీసిన 'షేమ్'. రెండింటిలోనూ కోరిక అడిక్షన్‌గా మారి మనిషిని వదలదు. నేను 'కామానికి బానిస' అని రాశాను. మిత్రుడు 'కామవ్యసనం' అనాలంటున్నాడు. ఏది సరైనది?

సమాధానం: నా మొగ్గు మీ మిత్రుడి వైపే. అయితే రెండు సినిమాలకీ ఒకే మాట అతకదు.

'వ్యసనం' అనగానే ఇవాళ మందు, సిగరెట్, పేకాట గుర్తొస్తాయి. చెడ్డ అలవాటు అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాం. ఇంత బరువైన మాటని అంత చులకన చేయడం బాగోలేదు. సంస్కృతంలో 'అస్' ధాతువుకి విసరడం అని అర్థం, 'వి' చేరితే దూరంగా విసిరేయడం. మనిషిని శ్రేయస్సు నుంచి విసిరేసేది కనుక వ్యసనం అని కౌటిల్యుడే అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణంలో చెప్పాడు. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో అమరసింహుడు 'వ్యసనం విపది భ్రంశే దోషే కామజకోపజే' అన్నాడు. విపత్తు, పతనం ముందొచ్చాయి. కామం వల్లా కోపం వల్లా పుట్టే దోషాలు ఆ తర్వాతే. అలవాటు ఊసే లేదు.

ఇక తిక్కన. ఉద్యోగపర్వంలో స్త్రీ, జూదం, పానం, వేట, పరుషమైన మాట, పరుషమైన దండన, సొమ్ము వృథా చేయడం వరసగా చెప్పి 'సప్తవ్యసనములఁ జనదు తగుల' అని ముగించాడు. ఆ 'తగుల' దగ్గర ఒక్కసారి ఆగండి. రాజు వేటాడకూడదని ఎవరూ అనరు. వేటకి తగులుకుని విడిపడలేకపోతేనే ముప్పు. నిప్పంటుకుంటే తగులబడటం, బట్ట ముల్లుకి పట్టుకుంటే తగులుకోవడం, అన్నిటికీ అదే తెలుగు ధాతువు. దాన్నుంచి పుట్టిందే 'తగులం'. అడిక్షన్‌కి తెలుగు మాట లేదని వాపోయేవాళ్లు తిక్కనని ఒకసారి తిరగేస్తే బాగుండును.

'షేమ్'లో న్యూయార్క్ ఉద్యోగి బ్రాండన్‌కి ఫలానా మనిషే కావాలని లేదు. మనసుకి నచ్చిన సహోద్యోగిని దగ్గరికొచ్చినప్పుడే అతని శరీరం మొరాయిస్తుంది. అతనిది నిస్సందేహంగా వ్యసనం. ఒషిమా సినిమాకి ఆధారం 1936లో టోక్యోలో జరిగిన ఘటన: సదా అబే అనే ఆమె తన ప్రియుణ్ణి గొంతు బిగించి చంపింది. ఆమెకి అతనొక్కడే లోకం. దీన్ని మోహం అంటాను, ఇంకా బాగా చెప్పాలంటే తగులం. అంతా వినాశనంలో ముగిసింది కాబట్టి కౌటిల్యుడి లెక్కన ఇదీ వ్యసనమే అని ఎవరైనా వాదిస్తే కాదనలేను.

'బానిస' సంగతి. 'మద్యానికి బానిసై' అని రోజూ రాసి పత్రికలు ఆ మాటని అరగదీశాయి. బానిసని కట్టేసేవాడు వేరే ఉంటాడు, కోరిక మనలోనే పుడుతుంది. అయితే ఇంగ్లీషు 'అడిక్ట్'కి మూలమైన లాటిన్ మాట, రోమన్ చట్టంలో బాకీ తీర్చలేక అప్పిచ్చినవాడి వశమైన మనిషికి చెల్లేది. అందుకని బానిసని తప్పని కొట్టెయ్యను. మీ వ్యాసంలో మాత్రం వద్దంటాను.

'పిచ్చి' మాటల్లో చెల్లుతుంది, వ్యాసంలో పలచనవుతుంది. 'వ్యసనపడటం' అంటే దుఃఖపడటం, ఇది వేరే అర్థం. సదా అబేకి ఎలాగైనా వ్యసనం అనే మాటే వాడదలిస్తే 'వ్యసనపరురాలు' అని రాయండి, 'వ్యసనపరుడైన స్త్రీ' అని మాత్రం రాయకండి.