మారే రోజున మీటర్ ఫోటో తియ్యి

అమ్మాయీ, ఆశీస్సులు.

కరెంటు, గ్యాసు కంపెనీ మార్చాలనుకుంటున్నానని రాశావు. మార్చు, భయం లేదు. అద్దె ఇల్లే అయినా బిల్లు నీ పేరు మీద వస్తోంది కాబట్టి ఎంచుకునే హక్కు నీదే. బ్రిటన్‌లో 2022 జూలై నుంచి ఇది ఐదు పనిదినాల్లో అయిపోతోంది. కరెంటు ఆగదు. తీగలు, పైపులు, మీటరు అన్నీ అవే, బిల్లు వేసేవాళ్లే మారతారు. ఇప్పుడున్నది ఫిక్స్‌డ్ టారిఫ్ (గడువు దాకా ధర మారని ఒప్పందం) అయితే గడువు ఎప్పుడో చూసుకో. ఆఖరి 49 రోజుల్లో మారితే ఎగ్జిట్ ఫీజు అడగకూడదు.

నా టెన్షనల్లా ఒకటే. స్మార్ట్ మీటర్ ఉంది కదా, రీడింగ్ దానంతటదే వెళ్తుందిలే అని ఊరుకుంటావేమో. మారే రోజున కరెంటు మీటరూ గ్యాసు మీటరూ రెండూ, రీడింగుతో పాటు సీరియల్ నంబరు కూడా కనపడేలా ఫోటో తియ్యి. వాడకం చూపించడానికి వంటింట్లో పెట్టిన చిన్న స్క్రీన్ ఫోటో పనికిరాదు. కంపెనీ మారాక కూడా అది పాత ధరలతోనే పౌండ్ల లెక్క చూపిస్తూ ఉండొచ్చు. పాత కంపెనీ ఆఖరి బిల్లు ఏ అంకెతో ముగిసిందో, కొత్త కంపెనీ మొదటి బిల్లు అదే అంకెతో మొదలవ్వాలి. కొత్తవాళ్లు అంతకన్నా తక్కువ అంకెతో మొదలుపెడితే అదే యూనిట్లకు రెండుసార్లు కడతావు.

మీ ఇంట్లోది మొదటి తరం స్మార్ట్ మీటరైతే, మారాక రీడింగులు పంపడం మానేసి మామూలు మీటర్‌లా ఉండిపోవచ్చు. గ్యాసు మీటర్‌తో ఇంకో చిక్కుంది. అది బ్యాటరీతో నడుస్తుంది, కరెంటు మీటర్ దగ్గరున్న హబ్ ద్వారానే సమాచారం పంపుతుంది. అందుకే కరెంటు రీడింగ్ వెళ్తూ గ్యాసుది ఆగిపోవడం మామూలే. బిల్లు మీద ఎస్టిమేటెడ్ (అంచనా లెక్క) అని కనపడితే ఆ నెల నువ్వే రీడింగ్ పంపు. అలా వదిలేస్తే ఒకేసారి పెద్ద బిల్లు వచ్చి పడుతుంది. కంపెనీ తప్పు వల్ల బిల్లు ఆలస్యమైతే మాత్రం 12 నెలలకన్నా పాత వాడకానికి వసూలు చేయకూడదని ఈ కంపెనీలను నియంత్రించే ఆఫ్‌జెమ్ నిబంధన.

తేడా వస్తే ఈమెయిల్లోనే ఫిర్యాదు చెయ్యి. ఫోన్లో ఓపిగ్గానే వింటారు, కానీ తర్వాత చూపించడానికి నీ దగ్గర ఏమీ మిగలదు. 8 వారాలైనా తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లు, ఖర్చేమీ లేదు.

ఆఖరి బిల్లు ఆరు వారాల్లో రావాలి. అది తేలేదాకా పాత కంపెనీకి బ్యాంకు నుంచి దానంతటదే కట్టే డైరెక్ట్ డెబిట్ ఆపకు.

మీ పెద్దమ్మ